వడగట్టిన వెలుగు

మన ఉత్తరాంధ్ర ప్రజలకు సూర్యుడు పరాయివాడు కాడు. శ్రీకాకుళ పట్టణమును ఆనుకొనియున్న అరసవల్లిలో ఆయన సూర్యనారాయణస్వామియై కొలువుదీరి యున్నాడు. రథసప్తమినాడు శ్రీకాకుళ, విజయనగర మండలములనుండియే కాక, ఒడిస్సా సరిహద్దు గ్రామములనుండియు జనులు పిల్లాపాపలతో తరలివత్తురు. ఈ ఆలయమును కళింగమునేలిన తూర్పుగాంగరాజు దేవేంద్రవర్మ క్రీ.శ. 7వ శతాబ్దమున కట్టించెనని ప్రసిద్ధి. ఏటేట మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు గోపురద్వారముగుండ చొచ్చి, అనివెట్టి మండపమును దాటి, గర్భాలయములోని మూలవిరాట్టు పాదములను తాకును. ఆకాశమున మబ్బు లేనిచో కొద్ది నిమిషములపాటు మాత్రమే కానవచ్చు ఆ దృశ్యముకొఱకు భక్తులు తెల్లవారకమునుపే వచ్చి వేచియుందురు.

ఆ దృశ్యమునందు భక్తితోపాటు రెండు పాఠములు కలవు. మొదటిది ఖగోళశాస్త్రమునకు చెందినది. మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతమున సూర్యుడు సరిగా తూర్పున ఉదయించును. మార్చి రెండవ వారమునను, అక్టోబరు మొదటి దినములలోను ఆయన తూర్పునకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణముగా ఉదయించును. అనగా ఆ రెండు కాలములందును ఉదయించు దిశ ఇంచుమించు ఒక్కటే. కావుననే ఒకే ద్వారము ఏటికి రెండు మారులు ఆయనకు దారి యిచ్చుచున్నది. రెండవ పాఠమును సామాన్యముగా ఎవరును తలపరు. బయట కన్నెత్తి చూడరాని ఆ తేజస్సును జనులు లోపల కన్నులార చూడగలుగుచున్నారు. ఏలయన, అక్కడ వారు సూర్యబింబమును చూచుటలేదు; ఇరుకైన దారిలో వచ్చి, శిలపై పడి మరలిన వెలుగును చూచుచున్నారు. సూర్యుని తెలిసికొనగోరువాడు ముందుగా ఆయన వెలుగునకు మితి కల్పింపవలెను.

దూరదర్శినితో సూర్యుని చూచువారికి ఈ మితిని కల్పించు సాధనమే ఫిల్టరు. ఈ దినములలో కొన్ని పాఠశాలలకు దాతలవలనను, ప్రభుత్వ పథకములవలనను చిన్న దూరదర్శినులు లభించుచున్నవి. గొట్టము ఎంత పొడవు, కటకము ఎంత వెడల్పు, చంద్రుని గుంటలు ఎంత పెద్దవిగా కానవచ్చును అని అందఱును అడుగుదురు. సూర్యునికొఱకైన ఫిల్టరు ఎక్కడనున్నది, ఏ స్థితిలోనున్నది అని అడుగువారు అరుదు. నా అభిప్రాయము ఇది: సూర్యుని చూచు పాఠశాలలో దూరదర్శినికంటె ఫిల్టరు ముఖ్యమైనది, దానిని కాపాడుట నేర్చిన పిదపనే విద్యార్థి కన్ను కటకముకడకు పోవలెను, దానిని బీరువాలో బంధించుట కాపాడుట కానేరదు.

దీనికి కారణము చిన్న లెక్కలో తేలును. పట్టపగలు మన కనుపాప రంధ్రము సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పుండును. పాఠశాలలోని చిన్న దూరదర్శిని కటకము 60 మిల్లీమీటర్లనుకొందము. వెడల్పు 20 రెట్లు. వైశాల్యము 20ని 20చే గుణింపగా 400 రెట్లు. అనగా ఆ కటకము కంటికంటె 400 రెట్లు వెలుగును, దానితోపాటు వేడిని పోగుచేయును. చిన్న భూతద్దముతో ఎండలో కాగితమును కాల్చిన బాలునకు దీని అర్థమును వేఱుగా చెప్పనక్కఱలేదు. కాగితమున్న చోట కన్నున్నదని తలచుకొనిన చాలును. అంతకంటె భయంకరమైన విషయమొకటి కలదు. కంటి లోపలి పొరయైన రెటీనాకు నొప్పిని తెలుపు నాడులు లేవు. వేలు నిప్పునకు తగిలినచో తక్షణమే వెనుకకు లాగుకొందుము. రెటీనా కాలుచున్నను మనకు తెలియదు. కొన్ని గంటలు గడచిన పిదప చూపు నడుమ మచ్చ ఏర్పడి, పుస్తకములోని అక్షరము కాని, ఎదుటివాని ముఖము కాని కానరాకపోయినప్పుడు తెలియును. అట్టి మచ్చ ఒక్కొక్కరి విషయమున ఎన్నటికిని తొలగదు.

సూర్యుని చూచుటకు తగిన సామాన్యమైన ఫిల్టరు పలుచని ప్లాస్టిక్ పొరపైనను, గాజుపలకపైనను లోహపు పూత పూసి చేయబడును. కంటితో చూచుటకు ఉద్దేశించిన మేలైన పొర తనమీద పడిన వెలుగులో లక్షవ వంతును మాత్రమే లోపలికి పోనిచ్చును. తక్కిన వెలుగులో అధికభాగమును అద్దమువలె వెనుకకు మరలించును. ఇచ్చట విద్యార్థులు జాగ్రత్తగా గ్రహింపవలసిన విషయమొకటి కలదు. వెలుగు తగ్గినంతమాత్రమున అపాయము తగ్గినదని అనుకొనరాదు. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యుని చూచుటకై రంగురంగుల అద్దములను పరీక్షించుచుండెను. కొన్ని అద్దములు వెలుగును బాగుగా తగ్గించినను వేడిని పోనిచ్చుచుండెను. మఱికొన్ని వెలుగును పోనిచ్చియు వేడిని తగ్గించుచుండెను. ఈ వింతకు కారణమును వెదకుచు ఆయన ఎఱుపునకు ఆవల కంటికి కానరాని కిరణములు కలవని కనుగొనెను. వానినే మనము పరారుణ కిరణములనుచున్నాము. సూర్యఫిల్టరును గూర్చిన విచారమునుండియే అంత గొప్ప సత్యము పుట్టినది.

జల్లెడ పొట్టును ఆపును గాని పిండితో కలిసిన సన్నని ఇసుకను ఆపజాలదు. మసి పట్టించిన గాజుపలక, ఎక్స్‌రే ఫిల్ము, నల్లకళ్లద్దములు, పసుపునీళ్ల పళ్లెము మున్నగునవన్నియు అట్టి జల్లెడలే. అవి కంటికి చల్లగా తోపించి, కానరాని కిరణములను లోనికి పంపును. చల్లగా తోచుటచేత మనము మఱింతసేపు చూతుము. అపాయము మఱింత పెరుగును. గ్రహణమును వట్టి కంటితో చూచుటకై చేసిన కాగితపు కళ్లద్దములపై ఐ.ఎస్.ఓ. 12312-2 అను ప్రమాణసంఖ్య ఉండవలెను. ఆ కళ్లద్దములను ధరించి దూరదర్శినిలో చూచుట మాత్రము ఎన్నటికిని తగదు. కటకము పోగుచేసిన వేడికి ఆ కాగితపు కళ్లద్దములలోని పొర క్షణములో కాలిపోవును.

ఫిల్టరు ఎట్టిదను దానితోపాటు ఎక్కడ ఉండవలెననునదియు ముఖ్యమే. ఇందుకు మన ప్రాంతపు చరిత్రను స్మరింపవలసియున్నది. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణమున సొంత ధనముతో ఒక వేధశాలను స్థాపించిరి. నేటి విజయనగరము ఆనాడు విశాఖపట్టణ మండలములోనిదే. 1856లో వారు గతించిన పిదప వారి అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు ఆ వేధశాలను నడపిరి. వారు 1874 డిసెంబరు 9వ తేదీన ఆఱంగుళముల కటకముగల దూరదర్శినితో శుక్రుని అంతర్యానమును, అనగా శుక్రగ్రహము చిన్న నల్లబొట్టువలె సూర్యబింబముపైగా నడచిపోవుటను, పరిశీలించిరి. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యునిగా స్వీకరించినది. ఒక తెలుగు గృహస్థు తన యింట కూర్చుండి చేసిన పనికి విద్వల్లోకమున స్థానము లభించుట మనకు గర్వకారణము.

ఆ కాలమున పరిశీలకులు సామాన్యముగా కన్ను పెట్టు కటకముకడ నల్లద్దమును బిగించి సూర్యుని చూచెడివారు. అది కటకము వేడినంతను ఒక్క బిందువున పోగుచేయు స్థలమునకు దగ్గఱ. అట్టి అద్దములు వేడికి ఒక్కొక్కమారు హఠాత్తుగా పగులుచుండెడివి. పగిలిన క్షణమున కంటికిని సూర్యునికిని నడుమ అడ్డము ఏదియు లేదు. ఇప్పటికిని పాత దూరదర్శినుల పెట్టెలలో కంటి కటకమునకు మరబిగించు చిన్న నల్లద్దములు కానవచ్చును. అట్టివానిని వాడరాదు, పరులకు ఈయనురాదు. పగులగొట్టి పారవేయుట మేలు. నేటి సూర్యఫిల్టరు గొట్టము ముందుభాగమున, పెద్దకటకమునకు ముందు ఉండవలెను. దొంగను పడకగదికడ కాక వీధి వాకిటనే ఆపవలెను గదా!

సూర్యజ్వాలలను చూపు ఫిల్టరు కథ ఇంకను విచిత్రమైనది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన తెలుగుదేశముమీదుగా పోయెను. గుంటూరులో విడిసియున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ బింబపు అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించెను. ఆ వెలుగు కొన్ని ప్రత్యేకమైన రంగురేఖలలోనే మిక్కిలి ప్రకాశించుచుండుట ఆయనకు తోచెను. ఆ రేఖలను మాత్రము ఏరిపట్టినచో గ్రహణము లేకున్నను జ్వాలలను చూడవచ్చునని ఆయన తలచి, మఱునాడే గుంటూరులో ఆ పని చేసి చూపెను. ఇంగ్లండులో లాకియర్ అను ఆయనయు అదే సంవత్సరమున వేఱుగా ఈ మార్గమునే కనుగొనెను.

నేడు ఉదజని రేఖకొఱకై చేసిన సూర్యదర్శిని గుంటూరులో పుట్టిన ఆ తలంపునే చిన్నపెట్టెలో అమర్చి యిచ్చుచున్నది. అది 656.3 నానోమీటర్ల అలపొడవుగల ఎఱ్ఱని వెలుగును మాత్రము పోనిచ్చును. దానిలో ఒక్క ఫిల్టరు కాదు, కొన్ని ఫిల్టర్లు వరుసగా ఉండును. ముందున్నది వేడిని, అక్కఱలేని రంగులను నిలిపివేయును. నడుమ ఎటలాన్ అను భాగముండును. అతి సమీపముగా, సమానాంతరముగా నిలిపిన రెండు గాజుపలకల నడుమ వెలుగు అటునిటు ప్రతిఫలించి, కొన్ని సన్నని రేఖలు మాత్రమే బయటికి వచ్చును. చివరనున్నది ఆ రేఖలలో మనకు కావలసినదానిని మాత్రము విడిచి తక్కినవానిని ఆపును. ఇవన్నియు కలిసియే కంటికి రక్షణ. ఒక్కటి తీసినను తక్కినవి రక్షింపజాలవు. చివరి ఫిల్టరు సామాన్యముగా కన్ను పెట్టు చోటనున్న వంపుగొట్టములో దాగియుండును. కావున ఆ గొట్టమును తీసి మఱియొక గొట్టమును తగిలింపరాదు. ఎటలానును విప్పుట గడియారమును గొడ్డలితో బాగుచేయుటవంటిది.

ఇక కాపాడుట. మనది సముద్రతీరము. భావనపాడు మొదలు భీమిలివఱకు వీచు గాలిలో ఉప్పును తేమయు కలవు. వర్షాకాలమున ఇంటిలోని అప్పడములు మెత్తబడుటయు, చెప్పులకు బూజు పట్టుటయు మనమెఱిగినదే. ఆ తేమయే కటకములకు బూజు పట్టించును. లోహపుపూతను మెల్లమెల్లగా తినివేయును. ఉదజని ఫిల్టర్లలో వేడిని పీల్చుటకై వాడు కొన్ని నీలివన్నె గాజులు తేమచేత చివికి, వానిపై మంచు క్రమ్మినట్లు తెల్లని పొర ఏర్పడును. అట్టి ఫిల్టరులోనుండి చూచిన సూర్యుడు మసకగా, కళతప్పి కానవచ్చును. చూచువాడు ఆకాశమును నిందించును గాని ఫిల్టరును పరీక్షింపడు. కావున ప్రతి ఫిల్టరును మూత బిగుతుగా పట్టు డబ్బాలో, తేమను పీల్చు సిలికాజెల్ పొట్లముతో ఉంచవలెను. నీలివన్నె గులకలు గులాబివన్నెకు తిరిగినచో అవి తేమతో నిండినవని అర్థము. వానిని సన్నని వేడిపై ఆరబెట్టి మరల వాడవచ్చును. ఆరుబయట చల్లగాలిలో వాడిన సాధనమును వెంటనే మూతపెట్టి బంధింపక, గదిలో కొంతసేపు ఆరనిచ్చి పిదప డబ్బాలో పెట్టవలెను.

శుభ్రము చేయు విధమును మన పొందూరు స్త్రీలనుండి నేర్వవలెను. అక్కడి సన్నని ఖద్దరునకు దూదిని సిద్ధపఱచుటలో వారు వాలుగచేప దవడయెముకను దువ్వెనగా వాడుదురు. ఆ సూక్ష్మమైన పండ్లు గింజకు అంటియున్న చెత్తను తీసివేయును గాని పోగును తెంపవు. ఫిల్టరుపై చేయి వేయువానికి అట్టి చేతి నిదానమే కావలెను. ధూళి కొంచెము పడినంతమాత్రమున తుడువ నక్కఱలేదు. అది దృశ్యమును చెడగొట్టదు. ఎక్కువైనచో రబ్బరు బుడ్డితో గాలి విసరి పోగొట్టవలెను. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపురులు పూతపై మచ్చలగును. పైపంచె చెఱగుతోను, చేతిరుమాలుతోను, విభూతితోను తుడుచుట తగదు. తుడిచిన కొలదియు పూత గీతలు పడును. ప్రతి గీతయు సూర్యునికి తెఱచిన కిటికీయే. పలుచని పొర ముడతలుగా ఉన్నచో బెదరనక్కఱలేదు, దానిని డోలు చర్మమువలె బిగించి లాగరాదు. వదులుగా ఉండుటయే దానికి మేలు.

సూర్యుని చూచుటకు ముందు ప్రతిమారును చేయవలసిన పరీక్ష యొకటి కలదు. గదిలో వెలుగుచున్న ప్రకాశవంతమైన దీపమునకు ఎదురుగా ఫిల్టరును పట్టి చూడవలెను. సూదిమొనయంత రంధ్రముగుండ వెలుగు చుక్కవలె మెఱసినను, గీత గాని చిరుగు గాని కనబడినను ఆ ఫిల్టరు పని అయిపోయినది. అతుకులు వేయరాదు, కొత్తది తెప్పింపవలెను. పిదప దానిని గొట్టము ముందు గట్టిగా అమర్చి, గాలికి ఊడకుండ అంటుబట్టతో బిగింపవలెను. మన తీరమున మధ్యాహ్నపు గాలి ఎంతటిదో జాలరి నడుగుడు. పెద్ద గొట్టముపైనున్న చిన్న గురి దుర్భిణికి మూత వేయవలెను. అందఱును మఱచునది అదియే. గురి కుదుర్చుటకు దానితో పనిలేదు. గొట్టము నీడ నేలపై మిక్కిలి చిన్నదైనప్పుడు గొట్టము సూర్యునికి ఎదురుగా ఉన్నట్లే. సాధనమును విడిచి ఒక్క నిమిషము పోవలసివచ్చినను దానిని సూర్యునినుండి త్రిప్పివేయవలెను. ఫిల్టరు లేనివారు కాగితపు అట్టకు సూదిరంధ్రము చేసి, రెండవ అట్టపై సూర్యబింబము నీడను పట్టవచ్చును. చెట్టుక్రింద ఆకుల సందులనుండి పడిన వెలుగుబిళ్లలు గ్రహణవేళ నెలవంకలగుట చూచుటకు ఒక పైసయు ఖర్చు లేదు.

ఇన్ని జాగ్రత్తలు వినిన పెద్దలు కొందఱు, "ఇంత అపాయమైన దానిని పిల్లల కేల ఈయవలెను? బీరువాలో పెట్టి తాళము వేయుట మేలు కాదా?" అని అడుగుదురు. ఈ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. పిల్లవాని కన్ను పోయినచో ఏ పాఠమును దానిని తీర్చజాలదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ప్రక్కన లేనప్పుడు సూర్యునివైపు దూరదర్శినిని త్రిప్పరాదనుటలో నాకును సందేహము లేదు. కాని తాళము వేసిన బీరువా ఏమి చేయునో విచారింపుడు. చెక్క బీరువాలో గాలి ఆడదు, తేమ తొలగదు, బూజు పెరుగును, చీమలు పురుగులు చేరును. మూడేండ్లకు ఒక అధికారి తనిఖీకి వచ్చినపుడో, గ్రహణమని పత్రికలో చదివినపుడో తాళము తెఱచి, దుమ్ము దులిపి, పరీక్షింపకయే సూర్యునివైపు త్రిప్పుదురు. అట్టి బీరువాలను ఒకటికంటె ఎక్కువ పాఠశాలలలో నేను చూచియున్నాను. నిత్యము వాడి పరీక్షించు ఫిల్టరుకంటె ఏండ్లతరబడి దాచి ఒక్కనాడు తీసిన ఫిల్టరే అపాయకరమైనది.

బొబ్బిలి వీణను చూడుడు. ఒకే పనసమానునుండి దానిని తొలిచి చేయుదురు. దానిని గోడకు తగిలించి పూలదండ వేసినంతమాత్రమున నిలువదు. వాయించువాడు దినదినము తంతులను సవరించి, మెట్లను చూచుకొని, దుమ్ము తుడిచినప్పుడే అది పలుకును. ఎక్కడ ఏ లోపము పుట్టినదో వాయించువానికే ముందుగా తెలియును. సూర్యదర్శినియు అట్టిదే. వారమున కొకమారు సూర్యుని చూచి, మచ్చలను కాగితముపై గీయు బాలునకు ఫిల్టరు నిన్న ఎట్లున్నదో, నేడు ఎట్లున్నదో తెలియును. ఆ చిత్రములను వరుసగా పేర్చి చూచినచో మచ్చలు తూర్పు అంచునుండి పడమటి అంచునకు కదలుచుండుట కానవచ్చును. మన భూమినుండి చూచువారికి సూర్యుడు సుమారు 27 దినముల కొకమారు తనచుట్టు తాను తిరుగుచున్నాడన్న సంగతి ఆ బాలుడు పుస్తకమునుండి కాక తన చేతిగీతలనుండియే తెలిసికొనును.

తాళమునకు తోబుట్టువైన భయము మఱియొకటి కలదు. గ్రహణమనగానే మన యిండ్లలో తలుపులు మూయుదురు. పళ్లెములో రోకలి నిలిపి, అది నిలిచినంతసేపు గ్రహణమున్నదని చెప్పుదురు. పెద్దలను పరిహసించుట మన పని కాదు. వట్టి కంటితో సూర్యుని చూడవద్దన్న వారి మాట మంచిదే. కాని అదే రోకలిని గ్రహణము లేనినాడు సమమైన పళ్లెములో ఓపికతో నిలిపి చూడుడు, ఆనాడును నిలుచును. తలుపులు మూసిన యింటి బాలుడు భయమును నేర్చును. వీధిలో ఎక్స్‌రే ఫిల్ము పట్టుకొనిన బాలుడు తెగువను నేర్చును. ఇరువురును సూర్యుని ఎఱుగరు. 2019 డిసెంబరు 26, 2020 జూన్ 21 తేదీలలో మన ప్రాంతమున పాక్షిక గ్రహణములు కానవచ్చినవి. ఆనాడు మీ యింట తలుపులు మూసిరో, మేలైన ఫిల్టరుతో చూచిరో మీ పెద్దలను అడుగుడు.

ఫిల్టరును గూర్చిన శ్రద్ధ పాఠశాలవారికి మాత్రమే చెందిన చిన్నపని అని తలపరాదు. 2023 సెప్టెంబరు 2వ తేదీన మన రాష్ట్రములోని శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 అను నౌక సూర్యపరిశీలనకై పంపబడెను. అది 2024 జనవరి 6వ తేదీన భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమునగల తన కక్ష్యను చేరెను. దానిలో సూట్ అను దూరదర్శిని కలదు. పుణేలోని అయూకా సంస్థవారి ఆధ్వర్యమున నిర్మింపబడిన ఆ సాధనము అతినీలలోహిత కిరణములలో సూర్యుని చిత్రములను తీయుటకు 11 ఫిల్టర్లను మార్చిమార్చి వాడును. ముందుభాగమున సూర్యుని వేడిని ఆపు ఫిల్టరు వేఱుగా కలదు. అంత దూరమునకు పోయిన పిదప దానిపై పడిన మచ్చను ఏ చేయియు తుడువజాలదు. కావుననే అట్టి సాధనములను నేలపైనున్నప్పుడే ధూళిలేని గదులలో, ముఖమునకు, చేతులకు తొడుగులు ధరించి కూర్చుదురు. కోట్ల రూపాయల నౌకకైనను పాఠశాలలోని పలుచని పొరకైనను నియమ మొక్కటే: చెడిన పిదప బాగుచేయుటకంటె చెడకుండ చూచుట మేలు.

విద్యార్థులారా! మీ పాఠశాలలో దూరదర్శిని ఉన్నచో ఒక పని చేయుడు. ఏటేట తరగతినుండి ఇరువురిని ఫిల్టరునకు కాపరులుగా ఎన్నుకొనుడు. ఒక నోటుపుస్తకము పెట్టుడు. ఫిల్టరును తీసిన తేదీ, దీపమునకు ఎదురుగా పరీక్షించినవారి పేరు, కానవచ్చిన లోపము, గులకల వన్నె, మరల డబ్బాలో పెట్టిన వేళ అందులో వ్రాయుడు. మీరు పై తరగతికి పోవునప్పుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారి చేతికి ఇండు. ఉపాధ్యాయుడు బదిలీపై పోవును, ప్రధానోపాధ్యాయుడు ఉద్యోగవిరమణ చేయును, పుస్తకము నిలుచును.

ఈ శ్రద్ధకు ఫలము దూరమున లేదు. 2031 మే 21వ తేదీన వలయాకార సూర్యగ్రహణపు దారి దక్షిణభారతముమీదుగా పోవును. మనకు అది పాక్షికముగా కానవచ్చును. 2032 నవంబరు 13వ తేదీ మధ్యాహ్నమున బుధగ్రహము సూర్యబింబముపైగా నడచిపోవును. 1874లో నర్సింగరావుగారు చూచిన శుక్రుని అంతర్యానము 2004, 2012 సంవత్సరములలో మరల వచ్చి పోయినది; ఇక 2117వఱకు లేదు. కావున మీ తరమువారికి మిగిలినది బుధుని అంతర్యానమే. శుక్రుడు సూర్యబింబపు వెడల్పులో సుమారు 30వ వంతు. గ్రహణపు కళ్లద్దములతోనే కానవచ్చెను. బుధుడు సుమారు 200వ వంతు మాత్రమే. అతనిని చూచుటకు దూరదర్శిని కావలెను. దాని ముందు మచ్చలేని ఫిల్టరు ఉండవలెను.

ఆనాటి మధ్యాహ్నము ఉత్తరాంధ్రమున రెండు విధములైన పాఠశాలలు ఉండును. ఒకదానిలో పిల్లలు వరుసగా నిలిచి, ఆవగింజవంటి నల్లని చుక్క సూర్యునిపై మెల్లగా జరుగుట చూచి, దాని చోటును, వేళను వ్రాసికొనుచుందురు. రెండవదానిలో బీరువా తాళపుచెవి ఎక్కడ పెట్టిరో వెదకుచుందురు. మీ పాఠశాల ఏది కావలెనో తేల్చవలసినది ఆనాడు కాదు, ఈ వారమే.